సారక్క పేరు మీద రాసిన వాట్లు

సికింద్రాబాద్,
జూన్ 6, 1993.

సమ్మయ్య బావకు బామ్మర్ది రాజమల్లు దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ మా ఇంటి కుళాయి తప్ప అందరం బాగానే ఉన్నాం.

నీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఈ ఏడు సారక్కకు స్టేట్ టీంలో చోటు రాకపోతే సైకిలు అమ్మేసి పాల్వంచలో టైపు నేర్పిస్తానని రాశావు. నా మేనకోడలు వేళ్ళతో కాదు బావా, కాళ్ళతో పైకి రావలసిన పిల్ల. పోయిన ఏడు ఖమ్మం పోటీలో ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. సగం దారి వరకు అందరికంటే ముందు పోయింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ దాటిపోతుంటే దారి ఇస్తూ కూర్చుంది. పెళ్ళి బంతిలో మొదటి వడ్డనకే కడుపు నింపుకుని, లడ్డూలు వచ్చేసరికి దిక్కులు చూసినట్టు ఉంది ఆమె తొక్కుడు. బలం లేక కాదు, ఎంత బలం ఎప్పుడు పెట్టాలో తెలియక.

దానికి మందు వాట్ల మీటరు. వేగం చూపే ముల్లుతో లాభం లేదు. గోదావరి గాలి వెనక నుంచి తోస్తే ముసలివాడు కూడా జోరుగా పోతాడు, ఎదురుగా కొడితే వస్తాదు కూడా నత్తలా పాకుతాడు. పోనీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెడదామా అంటే, సారక్క గుండె మీ వీధి కుక్కను చూసినా పరుగెత్తే రకం. కాళ్ళు నిజంగా ఎంత పని చేస్తున్నాయో చెప్పేవి వాట్లే. జర్మనీలో పెడల్‌ను మోసే క్రాంకు కడ్డీలోనే ఇమిడిపోయే మీటరు వచ్చిందట. హ్యాండిల్ మీద చిన్న పెట్టెలో అంకెలు పడుతుంటాయి. మా రైల్వే క్లబ్బులో ఒక పత్రికలో బొమ్మ చూశాను. కింద ధర చూసి పత్రిక మూసి లైబ్రేరియన్‌కు ఇచ్చేశాను. ఇక్కడ ఒక వ్యాయామశాలలో చక్రానికి పట్టీ బిగించి తొక్కే సైకిలు ఉంది గానీ, ఆ పట్టీ వేడెక్కితే ఒక అంకె, చల్లారితే ఒక అంకె. అలాంటిదాన్ని నమ్మడం మీ అన్న మాట నమ్మడంలాంటిదే.

అందుకని నేనే తయారుచేశాను. స్టాండు మీద నిలబెట్టిన సైకిలు, దాని వెనక చక్రానికి బెల్టు, బెల్టుకు పాత బస్సు డైనమో, దానికి హెడ్‌లైటు బల్బులు. బల్బులు ఎన్ని వేస్తే తొక్కడం అంత బరువు. ముందు ఒక డయలు పెట్టాను. బెల్టు తినేది, డైనమో తినేది అన్నీ కలిపి వాట్ల గీతలు నేనే గీశాను. తొక్కే ముందు బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి, రోజూ ఒకే బిగువు ఉండాలి. పది నిమిషాలు తేలికగా తొక్కి ఒళ్ళు వేడిచేసుకోవాలి. తర్వాత ఇరవై నిమిషాలు, మొదటి నిమిషం ఎంతో చివరి నిమిషం అంతే. ముల్లు ఎక్కడ నిలిచిందో నాకు రాయి. ముల్లు ఊగితే అక్కడే పిల్ల జబ్బు పట్టుబడుతుంది.

అక్టోబరులో ఇక్కడ పోటీ. ఎవరిని పిలవాలో చెప్పేది వెంకటరామారావు గారు. ఆడపిల్లల టీముకు ఆయన మాటే మాట. మా రైల్వే వర్క్‌షాపు గ్రౌండుకు రోజూ వస్తాడు, నా మాట కాస్త వింటాడు. మిగతాది నువ్వు చూసుకో. సామాను భద్రాచలం బస్సు మీద వేశాను.

నీ బామ్మర్ది,
రాజమల్లు


బూర్గంపాడు,
జూన్ 24, 1993.

బామ్మర్ది రాజమల్లుకు నీ బావ సమ్మయ్య ఆశీర్వదించి రాస్తున్నాను. నీ ఉత్తరంలో మా అన్న ప్రస్తావన అనవసరం. అయినా నిజమే.

నీ యంత్రం చేరింది. బస్సు మీద నుంచి దించడానికి నలుగురం కావలసి వచ్చింది. కండక్టరు దాన్ని పిండిమర అనుకుని, ఎప్పుడు పెడతారని అడిగాడు. వాకిట్లో పందిరి కింద నిలబెట్టాను.

నువ్వు చెప్పిన పద్ధతంతా చదివాను. అంతా బాగుంది గానీ ఒక లోటు ఉంది. ఇరవై ఏళ్ళు బొగ్గుబాయిలో టబ్బులు నింపినవాణ్ణి నేను. అక్కడ ఎవరినీ ఒంటరిగా పనికి దింపరు. ఎంత గట్టివాడైనా పక్కన జోడీ ఉండాలి. ఒకడు వంగితే ఇంకొకడు లేస్తాడు, అప్పుడే పని సాగుతుంది. కనుక ఇక్కడా జోడీ కట్టాను. నా మోకాలి నొప్పి సంగతి నీకు తెలుసు. అందుకని మీ అక్క దిగింది. చీర గోచీ పెట్టి మరీ దిగింది. మొదటి రోజు ఇద్దరికీ చెమటలు ధారలు కట్టాయి. లెక్క మాత్రం తలుపు మీద సుద్దతో సారక్క పేరు మీదే రాస్తున్నాను, పోటీ ఆమెది కాబట్టి.

ఇరవై నిమిషాల లెక్క రెండు వందల తొంభై వచ్చింది. ఇది మంచిదో చెడ్డదో నువ్వే చెప్పాలి.

ఇంకో సంగతి. ఇక్కడ పొద్దు గూకగానే కరెంటు పోతుంది. మన పందిరిలో బల్బులు వెలిగేసరికి వీధి వీధంతా వచ్చి కూర్చుంటోంది. పక్కింటి సైదమ్మ బియ్యంలో రాళ్ళు మన వెలుగులోనే ఏరుతుంది. పిల్లలు ఎక్కాలు చదువుతారు. మనకు పుణ్యం, వాళ్ళకు కిరసనాయిలు మిగులు. మీ అక్కకు ఈ సంగతి బాగా నచ్చింది.

ఇట్లు నీ బావ,
సమ్మయ్య


సికింద్రాబాద్,
జూలై 4, 1993.

బావకు దండాలు.

రెండు వందల తొంభై అని చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. నువ్వు తొంభై రాయబోయి ముందు రెండు వందలు పెట్టావేమోనని అనుమానం కూడా వచ్చింది. మా వర్క్‌షాపు టీములో అందరికంటే గట్టివాడు, ఇంతింత మీసాలవాడు, ఇరవై నిమిషాలు తొక్కితే ఆ దరిదాపులకు కూడా రాడు. నేను ఎక్కితే ఎంత వచ్చిందో నీకు చెప్పను.

అక్క రోజూ దగ్గరుండి చూసుకోవడం చదివి సంతోషమైంది. చెమట తుడవడానికి, నీళ్ళు అందించడానికి ఒక మనిషి ఉండాలి. దానికి గోచీ ఎందుకో మాత్రం అర్థం కాలేదు. అక్క ఏ పని చేసినా యుద్ధానికి పోయినట్టే చేస్తుంది.

ఇక అసలు శిక్షణ మొదలు. రోజూ ప్రాణం పెట్టి తొక్కకూడదు. వారంలో రెండు రోజులు గట్టిగా. రెండు నిమిషాలు ముల్లు పైకి లాగి, మూడు నిమిషాలు దింపి, మళ్ళీ లాగాలి. మిగతా రోజులు సగం వాట్ల దగ్గర తాపీగా, మాట్లాడుకుంటూ తొక్కాలి. ఆ తాపీ రోజుల్లోనే కాళ్ళకు బలం ఊరుతుంది. ఇది పిల్లకు నచ్చదు, అయినా వినిపించు.

ఒక్క అంకె ఇంకా కావాలి. పిల్ల బరువు ఎంతో తూచి రాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒట్టి వాట్లు చాలవు, వాట్లను కిలోలతో భాగించి చూడాలి. బండి ఎంత లాగుతుందన్నది ఎంత మోస్తుందన్న దాని మీద ఉంటుంది కదా.

నీ బామ్మర్ది,
రాజమల్లు


బూర్గంపాడు,
జూలై 27, 1993.

రాజమల్లుకు ఆశీస్సులు.

వానలు పట్టుకున్నాయి. గోదావరి మట్టి రంగుకు తిరిగింది. దొడ్లో బీరపాదు కొట్టుకుపోయింది. నీ యంత్రానికి మాత్రం తాటాకు కప్పాను.

నీ తాపీ రోజులు ఇక్కడ సాగడం లేదు. పిల్ల సగం వాట్ల మీద తొక్కితే బల్బులు సగమే వెలుగుతాయి. సైదమ్మ ఊరుకోదు. రాళ్ళేవో బియ్యమేవో తెలియడం లేదంటుంది. రెండు నిమిషాలు పైకి లాగి మూడు నిమిషాలు దింపే రోజున పిల్లలు ఎక్కాలు కూడా అలాగే చదువుతున్నారు, రెండు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నిద్రలో. చివరికి సైదమ్మ పందిరి గుంజ పట్టుకుని, "ఏందమ్మా సారక్క, గిట్ల ఎక్కుడు దిగుడు ఏంది, ఒక్క తీరుగ తొక్కరాదా," అని నిలదీసింది. నేను మధ్యేమార్గం చూశాను. తాపీ రోజున పిల్ల పొద్దున్నే తొక్కుతుంది, మాపటి వెలుగు బాధ్యత మీ అక్క తీసుకుంది. వీధిలో ఇప్పుడు మీ అక్కకు ఉన్న పలుకుబడి సర్పంచికి లేదు.

జోడీ లెక్క మూడు వందల నలభైకి పెరిగింది. సారక్క పేరు మీద రాశాను.

బరువు అడిగావు. మిల్లు కాడి ధాన్యం కాంటా మీద ఎక్కించి తూచాను. తొంభై ఎనిమిది కిలోలు. మిల్లు గుమాస్తా రెండుసార్లు చూశాడు. మీ అక్క బాగా సిగ్గుపడింది. నువ్వు చెప్పినట్టే భాగించాను, మూడున్నరకు ఇసుమంత తక్కువ. తప్పుంటే దిద్దు.

పిల్లకు ఇప్పుడు ముల్లు ఊగడం లేదు. డయలు చూడకుండా తొక్కమని, ఎంత వచ్చి ఉంటుందో నోటితో చెప్పమంటున్నాను. చెప్పినదానికీ ముల్లుకీ పెద్ద తేడా ఉండటం లేదు. అది మాత్రం నీ యంత్రం పుణ్యమే.

ఇట్లు,
సమ్మయ్య


సికింద్రాబాద్,
ఆగస్టు 14, 1993.

బావకు.

నీ ఉత్తరం చదివి కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. పోయిన ఏడు ఖమ్మంలో నేను చూసినప్పుడు సారక్క మునక్కాయలా ఉండేది. తొంభై ఎనిమిది కిలోలు ఎట్లా అయింది బావా? అక్క సిగ్గుపడిందని రాశావు, పడకేం చేస్తుంది, పెట్టింది ఆమే కదా. మా అక్క చేతి వంట సంగతి నాకు తెలుసు. మెతుకు కనిపించనంత నెయ్యి పోస్తుంది. రేపటి నుంచి నెయ్యి బంద్. గారెలు బంద్. పిల్ల తింటుంటే అక్కను పక్కన కూర్చోనివ్వకు.

అయినా ఆ అంకెలకు ఇప్పుడు అర్థం తెలిసింది. అంత ఒళ్ళు ఉంది కాబట్టే అన్ని వాట్లు వస్తున్నాయి. వెంకటరామారావు గారికి చెప్పాను. మూడు వందల నలభై అంటే ఆయన నవ్వి, "మోటారు పెట్టిండ్రా ఏంది," అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. మా మేనకోడలు మామూలు పిల్ల కాదు సార్, పహిల్వాను లాంటి మనిషి, చూస్తే మీరే దండం పెడతారు అన్నాను. ఆయన సెప్టెంబరులో ఇంటిల్లిపాదితో భద్రాచలం దర్శనానికి వస్తున్నాడట. దారిలో బూర్గంపాడులో ఆగి స్వయంగా చూస్తానన్నాడు. ఆ అంకెలు నిజమైతే పోటీకి పిలుస్తాడు. అబద్ధమైతే నా మేనకోడలి పేరే కాదు, నా పేరు కూడా ఆ గ్రౌండులో వినిపించకూడదన్నాడు.

కాబట్టి బెల్టు సరిచూసి ఉంచు. పిల్లకు ముందురోజు విశ్రాంతి ఇవ్వు.

నీ బామ్మర్ది,
రాజమల్లు


బూర్గంపాడు,
సెప్టెంబరు 20, 1993.

రాజమల్లూ,

నీ వెంకటరామారావు వచ్చాడు, పోయాడు. ఈ ఉత్తరం ఓపికగా రాస్తున్నాను, నువ్వు కూడా ఈసారన్నా ఓపికగా చదువు. అన్నట్టు, నెయ్యి సంగతి మీ అక్కకు చదివి వినిపించాను. ఈ జన్మలో నీకు ఆమె చేతి గారె దొరకదు.

ఆదివారం పొద్దున్నే కిరాయి అంబాసిడర్‌లో దిగాడు. వెంట భార్య, అత్తగారు. వీధంతా ముందే వచ్చి చాపలు పరుచుకుంది, పగలైనా సరే. సైదమ్మ అలవాటుకొద్దీ చాట కూడా తెచ్చింది. సారక్క లంగా ఓణీ మార్చి, నువ్వు పంపిన నిక్కరు వేసుకుని గుంజ పక్కన నిలబడింది. ఆయన పందిరిలోకి వచ్చి చుట్టూ చూశాడు. పిల్లను దాటేసి చూశాడు. మీ అక్క మీద చూపు నిలిపి, "ఎక్కమ్మా," అన్నాడు.

నువ్వు పహిల్వాను అని చెప్పి పంపావు. ఆయన పహిల్వాను కోసమే వెతుకుతున్నాడు. మా ముగ్గురిలో ఆ మాటకు కాస్త దగ్గరగా ఉన్నది మీ అక్క. ఆమెకు అనుమానం రాలేదు, నాకూ రాలేదు. జోడీలో ముందు ఒకరు ఎక్కాలి కదా, పెద్దదని ముందు పిలిచాడనుకున్నాం. మీ అక్క గోచీ బిగించి, డైనమోకు దండం పెట్టి ఎక్కింది. ఇరవై నిమిషాలు ముల్లు నూట యాభై మీద మేకు కొట్టినట్టు నిలబెట్టింది. అంత బాగా ఆమె ఎన్నడూ తొక్కలేదు. వీధంతా చప్పట్లు కొట్టింది. వెంకటరామారావు అత్తగారు కూడా కొట్టింది.

ఆయన మాత్రం కొట్టలేదు. డయలు చూశాడు, మీ అక్క మొహం చూశాడు. వయసెంత అని అడిగాడు. నలభై నాలుగు అని నిజమే చెప్పాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూడు వందల నలభై అని చెప్పి నూట యాభై చూపిస్తున్నారు, ఆడపిల్ల అని చెప్పి పిల్లతల్లిని ఎక్కిస్తున్నారు, నాతో పరాచికాలా అన్నాడు. మిగతా నూట తొంభై పిల్లది సార్, ఇప్పుడు ఎక్కుతుంది, రెండూ కలిపితే మూడు వందల నలభై అన్నాను. కలపడమేమిటన్నాడు. బాయిలో ఇద్దరు నింపిన టబ్బులు ఒకరి నంబరు మీదే ఎక్కుతాయి సార్, నెలాఖరుకు ఇద్దరూ పంచుకుంటారు, అదే పద్ధతి అన్నాను. ఇందులో దాపరికం ఏముంది? మొదటి ఉత్తరంలోనే జోడీ కట్టానని రాశాను. బరువు అడిగితే ఇద్దరినీ ఒకే కాంటా మీద ఎక్కించి ఇద్దరి బరువూ పంపాను. జోడీ వాట్లను జోడీ బరువుతో భాగించకపోతే ఎవరి బరువుతో భాగిస్తారు, నీ బరువుతోనా? నువ్వేమో మీ అక్క చెమట తుడుస్తోందని సంబరపడ్డావు.

ఆయన వినలేదు. సారక్కను పిలవడం లేదని నా మొహం మీదే చెప్పి కారెక్కాడు. నేను ఊరుకుంటానా, భద్రాచలం దారిలో సారపాకలో పని ఉందని ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా బాయి పద్ధతి చెబుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

కొంత దూరం పోయాక వెనక సీట్లోంచి వాళ్ళ అత్తగారు, "ఆ పిల్ల వస్తాంది," అంది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొంచెం పోయాక, "ఇంకా వస్తాంది," అంది. నేను తిరిగి చూశాను. మన సారక్క. తన సైకిలు మీద, తల వంచి, ఒకే తీరున తొక్కుతూ వస్తోంది. రాజమల్లూ, నాకు ముందు భయమేసింది. ఖమ్మంలో చేసినట్టు ప్రాణం పెట్టి వచ్చి దారిలో పడిపోతుందనుకున్నాను. కానీ ఆమె తొందరపడలేదు. మన రోడ్డు నీకు తెలుసు, గుంతల్లో కారు కూడా ఎద్దుబండిలాగే పోతుంది. గుంతలు వచ్చినప్పుడు దగ్గరపడేది, రోడ్డు బాగున్న చోట వెనకబడేది. వెనకబడినప్పుడు ఉలిక్కిపడి తోయలేదు. దగ్గరపడినప్పుడు ఆత్రపడి లేవలేదు. ఎదురుగాలి వచ్చింది, వేగం తగ్గించుకుంది, కాళ్ళ పని మాత్రం తగ్గించలేదు.

వెంకటరామారావు మెడ తిప్పి చూడటం మొదలుపెట్టాడు. ఎంత మీద పోతున్నావని డ్రైవరును అడిగాడు. కాస్త పెంచమన్నాడు. డ్రైవరు పెంచాడు, పిల్ల చిన్న చుక్కయింది. వాళ్ళ అత్తగారు అల్లుణ్ణి గట్టిగానే తిట్టింది. ఎత్తు మొదలైంది, కారు మూలుగుతూ ఎక్కుతోంది. ఆ చుక్క మళ్ళీ పిల్లగా మారింది. ఆయన చేతిలోకి గడియారం ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు గానీ, ఆ ఎత్తు మీద ఆయన కళ్ళు ఆమె కాళ్ళ మీద నుంచి పక్కకు పోలేదు.

సారపాకలో కారు ఆపించాడు. దిగి నిలబడ్డాడు. సారక్క వచ్చి ఒక కాలు నేలకు ఆనించి ఆగింది. ఊపిరి తీసుకోనిచ్చి, ఎవరు నువ్వు అని అడిగాడు.

"నేనే సారక్కను సార్. మీరు మా అమ్మకు పరీక్ష పెట్టిండ్రు."

"మరి అక్కడ్నే ఎందుకు చెప్పలే?"

"మా అమ్మ గంత మంచిగ తొక్కుతాంటే నడుమ ఎట్ల దిగుమంట సార్?"

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. కారులోంచి అత్తగారే, "రాసుకో నాయనా, దర్శనానికి ఆలస్యమైతాంది," అంది. ఆయన రాసుకున్నాడు. అక్టోబరు పోటీకి రమ్మన్నాడు. నీకు మాత్రం చెప్పమన్నాడు, ఇక మీద ఎవరి గురించీ పహిల్వాను అని చెప్పవద్దని.

ఇంటికి తిరిగి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషమే. పిల్ల చూడకుండా చెట్టు చాటుకు పోయాను గానీ ఆమె చూసింది.

పిల్లను పోటీకి ముందురోజు బస్సెక్కిస్తాను. నీ ఇంట్లో కుళాయి బాగైందా?

ఇట్లు,
సమ్మయ్య


సికింద్రాబాద్,
అక్టోబరు 25, 1993.

బావకు దండాలు.

నీ ఉత్తరం చదివి, పాతవన్నీ తీసి మళ్ళీ చదివాను. అన్నీ రాశావు, నిజమే. అయినా జోడీ అంటే అక్క పెడల్ మీద ఉందని ఈ భూమ్మీద ఎవడు అనుకుంటాడు? తప్పు చెరిసగం. ఇది కూడా జోడీ లెక్కే అనుకో.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న పోటీ అయింది. మొదలుపెట్టగానే ఇద్దరు పిల్లలు బాణాల్లా దూసుకుపోయారు. మిగతావాళ్ళంతా వాళ్ళ వెనక పడ్డారు. నా మేనకోడలు మాత్రం సంతకు పోతున్నట్టు పోతోంది. నేను స్కూటరు మీద పక్కన పోతూ, తొక్కవే, తొక్కు అని గొంతు చించుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు. నాలుగు నెలలుగా తాపీగా తొక్కమని ఉత్తరాలు రాసినవాణ్ణి నేనే, తొందరపెట్టిందీ నేనే. సగం దారి దాటాక ఒక్కొక్కరూ నీరసపడటం మొదలైంది. సారక్క ఒక్కొక్కరినీ పలకరించినట్టు దాటుకుంటూ వచ్చింది. చివరి ఎత్తు మీద ఇంకో ఇద్దరిని దాటింది. మూడో స్థానం. టీములో ఆరుగురిని తీసుకుంటారు. వెంకటరామారావు గారు పేర్లు చదివినప్పుడు మూడోది మనదే. బావా, సారక్క స్టేట్ టీములో ఉంది.

రాత్రి అన్నాలప్పుడు అడిగాను, అంత నిబ్బరంగా ఎట్లా తొక్కావని. ఇట్లా చెప్పింది.

"సగం దారి దాటినాక, ఇగ అమ్మ ఎక్కే యాళ్ళ అయింది అనిపించింది మామా. ఎన్కకు చూసిన. ఎవ్వలు లేరు. ఇగ నేనే తొక్కిన."

మా ఇంటావిడ కళ్ళు తుడుచుకుంది. పిల్ల మాత్రం ఇంకో గరిటె కట్టుచారు పోయించుకుని తిన్నది.

శిక్షణ శిబిరం రెండు నెలలు ఇక్కడే. పిల్ల మా ఇంట్లోనే ఉంటుంది. అక్కకు చెప్పు, నెయ్యి నేనే పోస్తాను.

నీ బామ్మర్ది,
రాజమల్లు


బూర్గంపాడు,
నవంబరు 5, 1993.

రాజమల్లుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం పోస్టుమాను చేతిలోంచి తీసుకుని వీధిలోనే చదివాను. సైదమ్మ నా చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. టైపు మాట ఇక ఈ ఇంట్లో ఎత్తను. పాల్వంచ టైపు మాస్టరుకు కబురు పంపాను, వేరే పిల్లను చూసుకోమని.

మీ అక్కకు మూడుసార్లు చదివి వినిపించాను. ఎన్కకు చూస్తే ఎవ్వలు లేరు అని పిల్ల అన్న మాట దగ్గర మాత్రం నాలుగోసారి చదవమంది. తర్వాత పోయి పొయ్యి మీద అన్నం చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పిల్ల పోయినప్పటి నుంచి ఆ పందిరి వైపు పోలేదు మీ అక్క. వీధివాళ్ళు రెండు మూడు రోజులు వచ్చి చూసి, మళ్ళీ ఎవరి బుడ్డి దీపాలు వాళ్ళు వెలిగించుకున్నారు. నీ యంత్రాన్ని తిరిగి బస్సు మీద వేద్దామని తాళ్ళు కూడా తెచ్చి పెట్టాను.

నిన్న మాపటివేళ కరెంటు పోయింది. నేను తాళ్ళు తీసుకుని పందిరిలోకి పోయేసరికి మీ అక్క అక్కడే ఉంది. బెల్టు బొటనవేలితో నొక్కి చూస్తోంది. గోచీ పెట్టింది. ఎక్కి కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. బల్బులు ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా వెలిగాయి. సైదమ్మ చాట పట్టుకుని వచ్చింది. వెనకాలే పిల్లలు వచ్చారు. మీ అక్క ఇరవై నిమిషాలూ తొక్కి దిగింది. నూట అరవై ఐదు వచ్చింది. ఆమె అంత ఎన్నడూ తొక్కలేదు.

నేను అలవాటుగా సుద్దముక్క తీసి తలుపు మీద సారక్క పేరు కింద రాయబోయాను. మీ అక్క వచ్చి నా చేయి ఆపింది.

"గది నాది. నా పేరు మీద రాయి."

తలుపు మీద కొత్తగా మీ అక్క పేరు, బతుకమ్మ అని రాసి, దాని కింద అంకె వేశాను. తాళ్ళు మళ్ళీ అటక మీద పెట్టాను.

ఇట్లు నీ బావ,
సమ్మయ్య